రోజుకి ఒక్క రాయి

బయ్యూమి ముప్పై ఒక్క ఏళ్ళుగా రాళ్ళు మారుస్తున్నాడు.

రాయి అంటే హుక్కా తల మీద కూర్చునే చిన్న మట్టి గిన్నె. అందులో పొగాకు కూరి పైన నిప్పు పెడతారు. పొగాకు అయిపోగానే ఎవరో చప్పట్లు కొట్టి "రాయి!" అని కేక వేస్తారు. బయ్యూమి వస్తాడు. పాత రాయి తీస్తాడు. కొత్త రాయి పెడతాడు. పటకారుతో మూడు నిప్పులు పేర్చి, గొట్టం తన నోట్లో పెట్టుకుని మూడు దమ్ములు లాగుతాడు. నిప్పు రాజుకున్నాక గొట్టం కొస తుడిచి మీ చేతికి ఇస్తాడు. ఆ మూడు దమ్ములూ చేదుగా ఉంటాయి. ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

టార్చిలైటులో వేసే సెల్లుని కూడా మా ఊరు పోర్ట్ సయీద్‌లో రాయి అనే అంటాం. రేడియోలో రాళ్ళు. గోడ గడియారంలో రాయి. ఇన్నేళ్ళలో ఈ రాయికీ ఆ రాయికీ తగాదా రాలేదు. ఒకటి కాలుతుంది, ఒకటి వెలుగుతుంది. ఎవరి పని వాళ్ళది. తగాదా వచ్చిన ఏడు, దాని మీద ఒక కాపురం నిలబడాల్సి వచ్చింది.

పడవల రేవు దగ్గర జనాతీ కాఫీ కొట్టు ఉంది. అవతలి ఒడ్డున ఉన్న పోర్ట్ ఫౌద్ వెళ్ళే పడవ అక్కడి నుంచే ఓడల కాలువ దాటుతుంది. బయ్యూమి అక్కడే పని చేస్తాడు. ఎదురు మేడ మూడో అంతస్తులో అతని ఇల్లు. అతని భార్య రతీబా పెద్దగా మాట్లాడదు. మాట్లాడితే ఆ మాట ఉంటుంది. ఎదుటివాళ్ళ మాట కూడా ఉండాలంటుంది. బయ్యూమి చిక్కంతా ఇక్కడే.

మా ఊరి మగవాళ్ళకి ఒక నోటి అలవాటు ఉంది. చేపల వాడితో బేరం కుదరకపోతే తలాక్ ఒట్టు. భోజనానికి వచ్చినవాడు రెండోసారి వడ్డించుకోకపోతే తలాక్ ఒట్టు. 'నువ్వు తినకపోతే నా పెళ్ళాం నాకు కాదు' అంటారు. అవతలివాడు భయపడి తింటాడు. చాలా ఇళ్ళలో ఆ ఒట్టు మెట్లు దిగే లోపలే మరిచిపోతారు. రతీబా మరిచిపోదు.

మొదటిసారి అతను ఒక బూరీ చేప తెచ్చాడు. ఈ పొద్దున వలలో పడింది, కాకపోతే తలాక్, అన్నాడు. రతీబా మొప్ప ఎత్తి చూసింది. వాసన చూసింది. చేప అక్కడే వదిలేసి, తను పెంచే పావురాల బుట్ట చంకన పెట్టుకుని, పడవెక్కి పోర్ట్ ఫౌద్‌లో చెల్లెలింటికి వెళ్ళింది. మా మసీదు పెద్ద షేక్ మన్సీ మధ్యలో పడి ఇద్దరినీ కలిపాడు. రెండోసారి ఫుట్‌బాల్. ఆ గోల్ చెల్లదు, చెల్లితే తలాక్, అని టీవీ ముందు లేచి నిలబడ్డాడు. టీవీ వాళ్ళు ఆ గోల్‌ని నెమ్మదిగా మళ్ళీ చూపించారు. రతీబా లేచి పావురాల బుట్ట తీసుకుంది.

షేకు రెండోసారి కూడా కలిపాడు. కలిపి, "మూడు తలాక్‌లలో ఇక ఒక్కటే మిగిలింది. అదీ పోతే నేనే కాదు, నా తాత లేచి వచ్చినా కలపలేడు. నోరు జాగ్రత్త" అన్నాడు.

పదకొండేళ్ళు బయ్యూమి జాగ్రత్తగా ఉన్నాడు.

*

తర్వాత అతనికి వదలని దగ్గు పట్టుకుంది. ఆసుపత్రిలో డాక్టరు అతని ఎక్స్‌రేని కిటికీకి ఎత్తి పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"రోజుకి ఎన్ని రాళ్ళు తాగుతావు?"

"నా కోసం ఒక్కటీ తాగను డాక్టరు గారూ."

"మరి ఇదంతా ఏమిటి?"

"అది జనం తాగింది."

పక్కన కూర్చున్న రతీబా అంది: "కొట్లో ఒక్కో హుక్కాకి మూడు దమ్ములు. పొద్దున్నించీ పడుకునేదాకా. ఊరందరి హుక్కాలకీ ఈయనే మేలుకొలుపు."

డాక్టరు ఎక్స్‌రే దించాడు. "మానెయ్. ఒక్కసారిగా మానలేకపోతే రోజుకి ఒక్క రాయి. ఒకటంటే ఒకటి. అంతకు మించి తాగితే నా దగ్గరికి రావద్దు, నీకూ దండగ నాకూ దండగ."

అప్పుడు బయ్యూమి లేచి నిలబడ్డాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. రతీబా అతని చొక్కా అంచు పట్టుకుని లాగింది. ఆలస్యమైంది.

"రోజుకి ఒక్క రాయి కన్నా ఎక్కువ నా నోటికి తగిలితే, నా పెళ్ళాం నాకు తలాక్!"

డాక్టరు కలం మూత పెట్టాడు.

"ఎవరడిగారు నిన్ను?" అంది రతీబా.

ఎవరూ అడగలేదు.

*

మరునాటి నుంచి బయ్యూమి పొద్దున్నే ఒక రాయి పెట్టుకుని, కొట్టు మూలన కూర్చుని, కాలువ వైపు చూస్తూ తాగేవాడు. పావుగంటలో అయిపోయేది. ఆ తర్వాత రోజు మొదలయ్యేది.

ఇతరుల హుక్కాలు అతను వెలిగించడం మానేశాడు. రాయి పెడతాడు, నిప్పు పేరుస్తాడు, గొట్టం మీ చేతికి ఇచ్చి చేతులు కట్టుకుని నిలబడతాడు. మొదటి మూడు దమ్ములూ మేమే లాగాలి. ఆ వారం కొట్టంతా దగ్గు. బూడిద, బొగ్గు, మట్టి, మాడిన బెల్లం కలిసిన రుచి. ముప్పై ఒక్క ఏళ్ళు అతను మా కోసం మింగింది ఇదన్నమాట. మేం సిగ్గుపడ్డాం. సిగ్గుపడి, ఇంకో రాయి తెమ్మన్నాం.

మధ్యాహ్నానికి అతని చేతులు వణికేవి. పటకారులో నిప్పు టకటకలాడేది. ఒకసారి వహీబ్ గారి ఒళ్ళో పడింది.

వహీబ్ గారు కస్టమ్స్‌లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. చర్చికి వెళ్ళే మనిషి. నాతో డామినో ఆడతాడు, ఓడితే పడవ సరంగుని తిడతాడు. ఒళ్ళో నిప్పు దులుపుకుని అన్నాడు:

"బయ్యూమీ, నన్ను కాల్చినా నీ ఒట్టు తీరదు. కరెంటు హుక్కా కొనుక్కో. కుర్రకారు జేబుల్లో పెట్టుకుని తిరుగుతున్నారే, అది. నిప్పు లేదు, మట్టి లేదు. కాబట్టి రాయీ లేదు."

"రాయి లేకుండా ఎలా నడుస్తుంది?"

"సెల్లు మీద."

బయ్యూమి ఆలోచించాడు. "సెల్లు రాయే కదా ఉస్తాద్?"

వహీబ్ గారు డామినో పలక చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నలభై ఏళ్ళు సరుకుల పేర్లు రాసిన మనిషి. పేరులో ఉన్న ప్రమాదం అతనికి వెంటనే అర్థమైంది.

*

ఆ కరెంటు హుక్కాల్ని వేప్‌లంటారు. అవి అమ్మే కొట్టు రెండు వీధుల అవతల. అద్దాల బీరువాలు, ఊదారంగు దీపాలు. నడిపేవాడి పేరు షాదీ. వ్యవసాయం చదివాడు. మేం ఇంజనీరు అని పిలుస్తాం. మా ఊళ్ళో మరమేకు తిప్పడం వచ్చిన ప్రతివాడూ ఇంజనీరే. బయ్యూమితో నేనూ వెళ్ళాను.

"రా బాబాయ్, రా. ఏం కావాలి?"

"చవకది."

"చవకలో రెండు రకాలు." షాదీ రెండు తీసి గాజు మీద పెట్టాడు. ఒకటి సన్నగా, కలంలా ఉంది. రెండోది పొట్టిగా, లావుగా, చేతిలో బరువుగా ఉంది. "ఇది లోపలి రాయిది. రాయి లోపలే బిగించేసి ఉంటుంది, తీయడానికి లేదు. ఫోనులా తీగ గుచ్చి ఛార్జి పెట్టుకోవాలి. ఇది బయటి రాయిది. అడుగున మూత తిప్పితే రాయి నీ చేతిలోకి వస్తుంది. ఒకటి అయిపోతే ఇంకోటి వేసుకోవచ్చు."

"ఇంకోటి వద్దు" అన్నాడు బయ్యూమి వెంటనే.

"అయితే లోపలిదే తీసుకో. అందరూ అదే కొంటున్నారు. జేబులో కనపడదు."

"రాయి చచ్చిపోతే?"

"ఏడాది, ఏడాదిన్నర వస్తుంది. చచ్చాక మొత్తం పారేసి కొత్తది కొనుక్కుంటావు."

బయ్యూమి దాన్ని తిప్పి చూశాడు. ఎక్కడా అతుకు లేదు. "రాయి కాలిపోయిందని మా కొట్లో నేను హుక్కాని పారేస్తే, జనాతీ నన్ను కాలువలో పారేస్తాడు. రాయి మారనిది హుక్కా ఎలా అవుతుంది ఇంజనీరు బాబూ?"

"సరే, బయటిది తీసుకో. వస్తువు చవకే, రాయి ధర వేరే. ఛార్జరు కూడా వేరే. మొత్తం మీద కాస్త ఎక్కువ. కానీ నాలుగేళ్ళు వస్తుంది. ఇంకా ఎక్కువ పొగ కావాలంటే ఇదిగో, ఇందులో ఒకేసారి రెండు రాళ్ళు..."

బయ్యూమి నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు.

"దాన్ని లోపల పెట్టు! ఒక్క దమ్ములో నా కొంప ముంచుతుంది!"

షాదీకి ఏమీ అర్థం కాలేదు. నేను చెప్పాను. డాక్టరు, ఒట్టు, చేప, ఫుట్‌బాల్, అన్నీ. అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. అతనికి కొత్తగా పెళ్ళయింది, తను పెట్టిన ఒట్లు ఒకటొకటే గుర్తు చేసుకుంటున్నట్టు కనిపించాడు.

"ఇది నా చదువుకి మించింది బాబాయ్" అన్నాడు చివరికి. "రెండూ పట్టుకుని సాయంత్రం మీ కొట్టుకే వస్తాను. పెద్దవాళ్ళు తేల్చాలి."

*

సాయంత్రం షాదీ రెండిటినీ టీ పళ్ళెంలో పెట్టి తెచ్చాడు. చుట్టూ పదిహేను మందిమి చేరాం. ఆ పూట ఎవరూ రాయి కోసం చప్పట్లు కొట్టలేదు.

ముందు జనాతీ మాట్లాడాడు. కొట్టు అతనిది. "ఇందులో చూడ్డానికేం లేదు. నా కొట్లో గిన్నె అదే అయినా, పొగాకు మళ్ళీ కూరితే రెండో రాయి. అట్లాగే రాయి అదే అయినా, ఛార్జి మళ్ళీ పెడితే రెండో రాయి."

"అది నీ గల్లాపెట్టె న్యాయం" అన్నాడు వహీబ్ గారు. "కస్టమ్స్ న్యాయం వేరు. గిన్నె వస్తువు. పొగాకు సరుకు. రెంటికీ రెండు ఫారాలు. రాయి వస్తువు, కరెంటు సరుకు. కరెంటుకి మేం ఎప్పుడూ సుంకం వేయలేదు. కాబట్టి లోపలి రాయిది కొంటే, ఎన్నిసార్లు ఛార్జి పెట్టినా, వీడు ఏడాదిన్నర పాటు తాగేది ఒక్క రాయే. రోజుకి ఒక్క రాయి అని ఒట్టు పెట్టినవాడు ఏడాదిన్నరకి ఒకటి తాగుతున్నాడు. వీడికి సన్మానం చెయ్యాలి."

"అయితే లోపలిదే!" అన్నారు నలుగురు.

"ఆగండి" అన్నాను నేను. "రాయి లోపల బిగించి ఉంటే, దమ్ము లాగినప్పుడు నోటికి తగిలేది రాయా, హుక్కానా?"

కాసేపు అందరూ నోళ్ళు తడుముకున్నారు.

"జనాతీ మాటే తీసుకుందాం" అన్నాడు షాదీ. "రోజుకి ఒక్కసారి నిండుగా ఛార్జి. మరి పొద్దున సగం, సాయంత్రం సగం పెడితే?"

"రెండు సగాలూ కలిసి ఒకటి."

"పొద్దున సగం, సాయంత్రం ముప్పాతిక పెడితే?"

"పావు ఒట్టు తప్పినట్టు."

"పావు తలాక్ అంటే ఏమిటి?"

"రతీబా పడవెక్కి కాలువలో పావు దూరం వెళ్ళి వెనక్కొస్తుంది" అన్నాడు వహీబ్ గారు.

జనాతీ అతని వైపు తిరిగాడు. "నీకేం, నవ్వుతావు. మీలో తలాక్ లేదు."

"లేదు. మాది లోపలి రాయి. చర్చిలో బిగించేస్తారు. విప్పితే గ్యారంటీ పోతుంది."

అందరూ నవ్వారు. బయ్యూమి ఒక్కడే నవ్వలేదు. పటకారు పట్టుకుని మా మధ్య నిలబడి ఉన్నాడు. ఎవరు మాట్లాడితే వాళ్ళ నోటి వంక చూస్తున్నాడు. మేం ఆడుకుంటున్నది అతని ఇంటితో అని అప్పుడు నాకు తోచింది. పైకి చూశాను. మూడో అంతస్తు వరండాలో ఉతికిన బట్టలు ఆరుతున్నాయి.

షేక్ మన్సీ అప్పుడే వచ్చాడు. ఆయన రోజూ ఆ వేళకి సోపు కషాయం తాగడానికి వస్తాడు. కూర్చుని, అందరి వాదనా విన్నాడు. కషాయంలో చక్కెర కలుపుతూనే ఉన్నాడు.

"ఒట్టు ఎవరి మీద పెట్టావు?"

"సలామా వాళ్ళమ్మ మీద, షేకు గారూ." సలామా వాళ్ళ కొడుకు. దమియెత్తాలో బల్లలు చేస్తాడు.

"ఆవిడ అక్కడే ఉందా?"

"పక్కనే ఉంది. చొక్కా కూడా లాగింది."

"రాయి అంటే ఆవిడ ఏమని విన్నది?"

రేవులో పడవ కూత వేసింది.

"ఇంతమంది మగవాళ్ళు" అన్నాడు షేకు. "మూడో పూట అసర్ నమాజు నుంచీ కూర్చున్నారు. కస్టమ్స్ దాకా వెళ్ళారు. మూడో అంతస్తు దాకా వెళ్ళడానికి కాళ్ళు రాలేదా?"

*

బయ్యూమి వీధి మధ్యకి వెళ్ళి తల ఎత్తాడు.

"సలామా వాళ్ళమ్మా!"

బట్టల మధ్య నుంచి రతీబా ముఖం కనిపించింది. "ఏమిటి?"

"రాయి..."

"అంతా వినపడుతూనే ఉంది. సముద్రంలో ఓడలకి కూడా వినపడుతోంది."

ఆమె తాడు కట్టిన బుట్ట దించింది. రోజూ రొట్టెలూ టమాటాలూ పైకి లాగే బుట్ట. "రెండూ వెయ్యి."

షాదీ రెండిటినీ బుట్టలో పెట్టాడు. బుట్ట గోడని రాసుకుంటూ పైకి వెళ్ళింది. వీధంతా తలలెత్తి చూస్తోంది. రొట్టెల వాడు సైకిలు ఆపి దిగాడు.

తర్వాత పైనుంచి గొంతు.

"ఈ సన్నది తెరుచుకోదేం?"

"అది లోపలి రాయిదమ్మా!" షాదీ అరిచాడు.

"అయితే రాయి ఎవరి దగ్గర ఉంటుంది?"

"హుక్కాలోనే!"

"హుక్కా ఎవరి దగ్గర ఉంటుంది?"

"బయ్యూమి బాబాయ్ దగ్గర!"

"మరి నా దగ్గర ఏం ఉంటుంది?"

షాదీ ఇన్ని వేప్‌లు అమ్మాడు. ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు.

మూత తిరిగిన చప్పుడు వినపడింది. తర్వాత బుట్ట దిగింది. సన్నది వెళ్ళినట్టే తిరిగి వచ్చింది. లావుది కూడా వచ్చింది, కడుపు ఖాళీగా. బయ్యూమి దాన్ని తలకిందులు చేసి చూశాడు.

"రాయి ఏది?"

"నా దగ్గరుంది. పొద్దున్నే బుట్టలో దించుతాను. పొద్దుగూకాక బుట్టలో వెయ్యి, పైకి లాక్కుంటాను. ఛార్జి నేను పెడతాను."

"మరి పొద్దున తాగే మట్టి రాయి?"

"నువ్వు రాయి అన్నావు, నేను రాయి అని విన్నాను. మట్టిదో ఇనపదో నువ్వు అప్పుడు చెప్పలేదు. ఒకటంటే ఒకటి. ఏది కావాలో చెప్పు."

బయ్యూమి మూలన ఉన్న మట్టి గిన్నెల వరస వైపు చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళ గిన్నెలు. తర్వాత చేతిలోని ఖాళీ లోహం వైపు చూశాడు. మట్టిది పావుగంట. ఇనపది రోజంతా.

"ఇనపది" అన్నాడు చిన్నగా.

"వినపడలేదు!"

"ఇనపది!"

షేకు కషాయం గ్లాసు కింద పెట్టాడు. "తేలింది" అన్నాడు.

*

ఆ వేసవి అలా గడిచింది. పొద్దున్నే బుట్ట దిగేది. రొట్టెల మధ్య ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో రాయి. బయ్యూమి తన లావు హుక్కాని బోర్లించి, మూత తిప్పి, రాయి వేసి, దానిమ్మ వాసన పొగ ఒకటి వదిలి పనిలోకి దిగేవాడు. చేతులు వణకడం తగ్గింది.

కానీ రాయి రోజురోజుకీ చిక్కిపోతున్నట్టు అతనికి అనిపించింది. మొదట సాయంత్రం దాకా వచ్చేది. తర్వాత మధ్యాహ్నానికే ఎర్రదీపం. అసలు సంగతి ఏమిటంటే రతీబా టార్చిలైటులో వేసే రాయి కూడా అదే కొలత. రాత్రి కరెంటు పోయినప్పుడు ఆమె ఛార్జి ఎక్కిన ఆ రాయే టార్చిలో వేసుకుని, డాబా ఎక్కి పావురాలు గూటికి చేరాయో లేదో టార్చి వేసి చూస్తుంది. ఒకటి తక్కువైతే అది వచ్చేదాకా వేస్తూనే ఉంటుంది.

"రాయిలో సగమే ఉంటోంది సలామా వాళ్ళమ్మా."

"ఒట్టులో నిండు రాయి అన్నావా?"

అనలేదు.

ఆ బాధ చూడలేక షాదీ ఒక రోజు ఇంకో రాయి తెచ్చాడు. "ఊరికే ఉంచు బాబాయ్. డబ్బులొద్దు. ఒకటి బుట్టలోది, ఒకటి జేబులోది. ఎవరికి తెలుస్తుంది? కాకపోతే ఒక్క మాట. నాణేలూ తాళాలూ ఉన్న జేబులో వెయ్యకు. లోహం తగిలితే మండుతుంది."

బయ్యూమి వద్దనలేదు. తీసుకోనూ లేదు. చెయ్యి మాత్రం చాచి ఉంది. షాదీ అందులో పెట్టి వెళ్ళిపోయాడు.

పొద్దుటి రాయి పదకొండింటికి చచ్చిపోయింది. బయ్యూమి రెండో రాయిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. జేబులో నాణేలు తీసి బల్ల మీద పెట్టాడు. తాళం తీసి పెట్టాడు. ఇంకా నమ్మకం కుదరలేదు. తన వృత్తిలో ఏ వస్తువునైనా కాపాడాలంటే ఒకటే దారి. దుమ్ము పడకుండా, తేమ తగలకుండా, రుచి పోకుండా. హుక్కా గిన్నెకి చుట్టే వెండి కాగితం ఒక ముక్క చింపి, రాయి చుట్టూ మూడు మడతలు వేసి, రెండు కొసలూ చక్కగా నొక్కి, గుండె మీది జేబులో పెట్టుకున్నాడు.

వహీబ్ గారి చప్పట్లు. "రాయి!"

బయ్యూమి కొత్త రాయి పట్టుకుని వచ్చాడు. వంగాడు. అతని జేబు పొగ వదిలింది.

వేరే ఎవరైనా అయితే కేకలు వేసి చొక్కా చింపుకునేవాళ్ళు. బయ్యూమి ముప్పై ఒక్క ఏళ్ళు ఒంటి మీద నిప్పులు పడ్డ మనిషి. తొందరపడలేదు. పటకారు జేబులోకి దించి, బుసకొడుతున్న ఆ వస్తువుని పట్టుకుని బయటికి తీశాడు. అంతవరకూ సరిగ్గానే చేశాడు. తర్వాత చెయ్యి దానంతటదే వెళ్ళింది. వేడిగా ఉన్నది పటకారులో ఉంటే అది వెళ్ళే చోటు ఒక్కటే. వహీబ్ గారి హుక్కా తల మీద జాగ్రత్తగా, కాస్త పక్కకి వచ్చేలా పెట్టబోయాడు.

"బయ్యూమీ! అది నిప్పు కాదు!"

వహీబ్ గారు గొట్టంతో సహా బల్ల కిందికి దూరాడు. డామినో పలకలు వీధిలోకి చెదిరాయి. బయ్యూమి కళ్ళార్పి, పటకారు వైపు చూసి, దాన్ని ఇసక బకెట్‌లో పడేశాడు. ఇసకలోంచి ఈల లాంటి చప్పుడు వచ్చింది. తర్వాత నల్లటి పొగ. తర్వాత ఏమీ లేదు.

మేం తలలెత్తితే రతీబా వరండాలో ఉంది.

"అదేమిటి?"

"రాయి" అన్నాడు బయ్యూమి. అతని చొక్కా జేబు ఉన్న చోట గోధుమ రంగు బొక్క ఉంది.

"నేను ఇచ్చింది నీ హుక్కాలో ఉంది. ఇది ఎన్నోది?"

"రెండోది."

రతీబా రెండు చేతులూ వరండా కమ్మీ మీద పెట్టింది. ఆమె వెనక గోడకి పావురాల బుట్ట వేలాడుతోంది. మేమందరం దాన్నే చూశాం.

"నోటికి తగిలిందా?"

బయ్యూమి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నోరు తెరిచాడు. "సలామా మీద ఒ..."

"ఒట్టు పెట్టకు!"

ఆ కేక వేసింది రతీబా ఒక్కతే కాదు. జనాతీ, నేను, రొట్టెల వాడు, బల్ల కింది నుంచి వహీబ్ గారు, ఎదురింటి కిటికీలోంచి ఎవరో ఆడమనిషి. వీధంతా.

బయ్యూమి చెయ్యి దిగిపోయింది. అతను నిలబడి ఉన్నాడు. ఒట్టు లేకుండా మాట ఎలా మొదలుపెట్టాలో తెలియనివాడిలా ఉన్నాడు. పెదాలు రెండు మూడు సార్లు కదిలాయి.

"తగల్లేదు" అన్నాడు.

అంతే. చుట్టూ ఇంకేమీ లేదు. ఆ మాట ఒక్కటే వీధి మధ్య ఉంది.

రతీబా అతన్ని చూసింది. ఎంతసేపో చెప్పలేను. పడవ ఒకటి ఇవతలి ఒడ్డుకి వచ్చి తగిలింది, జనం దిగారు.

"సరే" అంది. "ఆ చొక్కా విప్పి బుట్టలో వెయ్యి. మాసిక వేస్తాను."

*

చొక్కా మర్నాడు పొద్దున బుట్టలో దిగింది. జేబు ఉన్న చోట జేబు లేదు. చదునుగా ఒక గుడ్డ ముక్క. మడత పెట్టిన చొక్కా మీద రాయి ఉన్న ప్లాస్టిక్ డబ్బా.

ఇప్పుడు కరెంటు తరచుగా పోతోంది. పావురాలు పెరిగాయి. కొన్ని పొద్దుల్లో రాయి దిగే సరికి అందులో మూడు దమ్ములే మిగులుతున్నాయి. కొన్నిసార్లు అవీ ఉండవు. బయ్యూమి ఏమీ అనడు. మూత తిప్పి రాయి వేస్తాడు. రోజంతా ఆ చల్లటి లోహాన్ని పెదాల మధ్య పెట్టుకుని తిరుగుతాడు. నిన్న వహీబ్ గారు అడిగాడు.

"పొగ వస్తోందా?"

"లేదు ఉస్తాద్."

"మరి ఎందుకు పీలుస్తున్నావు?"

"ఇవాళ్టి రాయి ఇదే కదా. మార్చడానికి లేదు."

దగ్గు తగ్గిందని డాక్టరు అన్నాడట. ఎలా తగ్గిందని అడిగితే, "పావురాల వల్ల" అని చెప్పి వచ్చాడట.

నిన్న రాత్రి కూడా కరెంటు పోయింది. కాలువ మీద ఓడల దీపాలు తప్ప ఏమీ లేవు. జనాతీ లాంతరు వెలిగించాడు. ఎదురు మేడ డాబా మీద ఒక తెల్లటి వెలుగు కదిలింది. గూళ్ళ వరస మీదుగా నెమ్మదిగా వెళ్ళింది. ఒక చోట ఆగింది, వెనక్కి వచ్చింది, ఆకాశంలోకి తిరిగింది. ఇంకా రాని పావురం కోసం.

బయ్యూమి చేతిలో పటకారుతో వీధిలోకి వచ్చి తల ఎత్తాడు.

"రాయి!" అని ఎవరో లోపల్నించి చప్పట్లు కొట్టారు.

"వస్తున్నా" అన్నాడు. ఆ వెలుగు ఆరేదాకా కదల్లేదు.